చాయ్ వేళకు కొన్ని కొత్త మాటలు

తప్పించుకోవటానికి తెలుగులో మాటలకేమీ కరువు లేదు. మొహం చాటెయ్యవచ్చు. నీళ్ళు నమలవచ్చు. పెడచెవిని పెట్టవచ్చు. కుంటిసాకు చెప్పవచ్చు. మరీ ముదిరితే శఠగోపం, ఎగనామం ఉండనే ఉన్నాయి. కాని ఇవన్నీ తీరుబడిగా, ఇంటి అరుగుమీద కూర్చుని తప్పించుకునే వాళ్ళకోసం పుట్టిన మాటలు. ఆఫీసు సంగతి వేరు. పదకొండు గంటలకు చాయ్ వస్తుంది. చేతిలో గ్లాసు చుర్రుమంటూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే తోటి ఉద్యోగి "అన్నా, ఒక చిన్న పని..." అంటూ ఎదురవుతాడు. గ్లాసు వదల్లేం, కుర్చీ వదల్లేం, పారిపోలేం. ఆ రెండు నిమిషాల్లో మనిషి చేసే విన్యాసాలున్నాయే, వాటిలో ఒక్కదానికీ మనకు పేరు లేదు.

"చిన్న పని" అన్నవాడి పని ఎన్నడూ చిన్నది కాదని వేరే చెప్పాలా? నిజంగా చిన్నదైతే వాడే చేసుకునేవాడు. షూరిటీ సంతకం చిన్న పని. ఎలక్షన్ డ్యూటీ మార్పించటం చిన్న పని. వాళ్ళావిడ ఎల్.ఐ.సి. ఏజెన్సీ తీసుకుంటే మనం పాలసీ కట్టటం చిన్న పని. ఒకటో తారీఖుదాకా రెండువేలు సర్దటం అన్నిటికన్నా చిన్న పని. ఎందుకంటే ఆ ఒకటో తారీఖు ఏ నెలదో చెప్పరు.

కాఫీ అనక చాయ్ అంటాడేమిటని కోస్తా పాఠకులు అనుకోవచ్చు. నేను ఉద్యోగం చేసింది కరీంనగర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ. అక్కడ కాఫీ ఇంటికి వచ్చిన చుట్టాలకు. ఆఫీసుకు చాయే. అది కూడా వన్ బై టూ. ఒక చాయ్‌ని రెండు గ్లాసుల్లో పోసి ఇద్దరు తాగే ఈ పద్ధతిలో స్నేహం ఎంతుందో ప్రమాదమూ అంతే ఉంది. సగం గ్లాసు తాగినవాడు సగం పని అడిగే హక్కు సంపాదిస్తాడు. నా ఆఫీసు పేరు మాత్రం చెప్పను. చెప్పినా చెప్పకపోయినా ఒకటే, ఎవరి ఆఫీసు అనుకుంటే వారిదే అవుతుంది.

కచేరీలో మాటలు పుట్టటం, వచ్చినవి రూపు మార్చుకోవటం కొత్త సంగతి కాదు. నిజాం సర్కారులో 1880లలో పారశీకం పోయి ఉర్దూ ఆఫీసు భాష అయింది. ఆ ఉర్దూ పోయి ఎన్నాళ్ళో అయినా దరఖాస్తు, మంజూరు, దాఖలా, హాజరు, పేషీ మన టేబుళ్ళమీదనుంచి లేవలేదు. వీటన్నిటిలో నాకు ముచ్చటైన మాట వాయిదా. ఉర్దూలో వాదా అంటే మాట ఇవ్వటం. ఆ మాట మన కచేరీ గుమ్మం తొక్కి వాయిదా అయింది. మాట ఇవ్వటం కాస్తా మాట దాటెయ్యటమైంది! ఇంతటి పరిణామం సాధించిన గుమాస్తా ఎవడో గాని, వాడికి చెయ్యెత్తి మొక్కాలి. తరువాత ఇంగ్లీషు క్వెరీ వచ్చి మన చేతిలో కొర్రీ అయిందంటారు. కొర్రీ అంటే సమాధానం కోసం అడిగే ప్రశ్న కాదు, కాగితం వెనక్కి వెళ్ళటానికి వేసే ప్రశ్న అని ఫైళ్ళు చూసినవాళ్ళందరికీ తెలుసు.

ఇక కావాలని మాటలు పుట్టించటంలో మనకు పెద్ద గురువు ఉన్నారు. 1957లో వచ్చిన మాయాబజార్‌కు మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావుగారు. అస్మదీయులకు ఎదురుగా తసమదీయుల్ని నిలబెట్టారు. కంబళి పక్కన గింబళిని పరిచారు. ఇన్నేళ్ళయినా ఆ మాటలు చెల్లుతూనే ఉన్నాయంటే, అవసరం ఉన్నచోట మాట నాటుకుంటుందన్న మాట. నాటుకోవటానికి మా ఆఫీసులో అవసరం కావలసినంత ఉంది.

మా పద్ధతి మాత్రం పింగళివారిది కాదు. అది ఇంగ్లండు నుంచి వచ్చింది. డగ్లస్ ఆడమ్స్, జాన్ లాయిడ్ అనే ఇద్దరు 1983లో ఒక చిన్న పుస్తకం వేశారు. లోకంలో పేరు లేని అనుభవాలు బోలెడున్నాయి. ఊళ్ళ పేర్లేమో దారి బోర్డులమీద ఊరికే వేలాడుతున్నాయి. ఈ పేర్లు ఆ అనుభవాలకు పెట్టేస్తే సరిపోతుందని వాళ్ళ సిద్ధాంతం. మా సీనియర్ అసిస్టెంటు మేడంగారి అబ్బాయి దగ్గర ఆ పుస్తకం ఉంది. ఆవిడ ఒకనాడు చాయ్ దగ్గర ఆ సంగతి చెప్పి, "మన రెండు జిల్లాల్లో ఊళ్ళకేం తక్కువ సార్?" అన్నారు. 2016 అక్టోబరులో ఆ రెండు జిల్లాలు ఎనిమిదికి మించి ముక్కలైన మాట నిజమే. కాని చాయ్ దగ్గర మాకు పాత సరిహద్దులే చెల్లుబాటు.

మొదటి మాట ఆవిడే వేశారు: బెల్లంపల్లి. అడగబోయేవాడు అసలు సంగతికి ముందు పరిచే తీపి ఉపోద్ఘాతం. "మీ బాబు బాగా చదువుతున్నాడట గదా మేడం", "ఈ రంగు చీర మీకు బాగుంది వదినె", "నిన్న మీ డ్రాఫ్టు పెద్దసారు మెచ్చుకున్నడట". ఇది వినపడగానే పక్క టేబులువాళ్ళు లోగొంతుకలో "బెల్లంపల్లి" అంటారు. బండి ఏ స్టేషన్లో ఉందో తెలిసిపోతుంది. సామాన్లు సర్దుకోవచ్చు.

ఆ తరువాత వారంరోజులపాటు ఆఫీసులో పని కాలేదు. అంతకు ముందు అయ్యేదని కాదు.

బాసర అంటే ఏమిటో చెప్పుకోండి. సరస్వతి గుడి, అక్షరాభ్యాసాలు జరిగే చోటు. అడిగేవాడు రావటం చూసి చటుక్కున ఫైలు తెరిచి, తల వంచి, ఓనమాలు దిద్దే పిల్లవాడిలా ఒక్కొక్క అక్షరమే ఒత్తి ఒత్తి రాయటం బాసర. నిర్మల్ అంతకన్నా కష్టమైన విద్య. పొణికి కర్రతో చేసి రంగులు వేసిన నిర్మల్ బొమ్మ చూశారు గదా? కళ్ళు తెరిచే ఉంటాయి, మొహాన నవ్వు ఉంటుంది, ఎంత మాట్లాడినా మాట్లాడదు. మా ఖజానా గుమాస్తా నిర్మల్ పెట్టాడంటే షూరిటీ ఫారం ముక్కు ముందు ఆడించినా రెప్ప వెయ్యడు. సిరిసిల్ల అంటే అల్లిక. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరు గనుక, అంత సన్నంగా నేసిన సాకు అని. "నిన్ననే ఇచ్చేటోన్ని అన్నా, మా బామ్మర్ది ఏ.టీ.ఎం. కార్డు నా జేబుల, నా కార్డు ఆయన జేబుల పోయినయి, ఆయనేమో షిర్డీ పోయిండు" – ఇందులో ఒక్క పోగు లాగి చూడండి, తెగదు.

వీటన్నిటిలో పాండిత్యమున్న మాట ఎలగందుల. పూర్వం జిల్లా పేరే అది. మానేటి ఒడ్డున కొండమీద కోట, కింద కచేరీలు. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారిపోయింది. కోట మాత్రం కొండమీద అట్లాగే ఉంది, చూసినవాడికి లోపల ఇంకా ఎవరో ఉన్నారనిపిస్తుంది. కుర్చీకి తువ్వాలు, టేబులుమీద కళ్ళజోడు, మూత తీసిన పెన్ను, తిరుగుతున్న ఫ్యాను, మనిషి మాత్రం లేడు: అదే ఎలగందుల. "ఇప్పుడే ఇక్కడే ఉన్నడు" అని పక్కవాడు సాక్ష్యం చెబితే అది సంపూర్ణ ఎలగందుల. ఈ మాట నేను ఇంటికి తీసుకువెళ్ళాను. ఇప్పుడు మా ఆవిడ నన్నే అంటున్నది. నేను పేపరు పట్టుకుని కుర్చీలోనే ఉంటాను, కూరలు తెమ్మన్న మాట మూడుసార్లు వినపడదు. "మళ్ళీ ఎలగందులా?" అని లోపలినుంచి వస్తుంది. మాటలు పుట్టించేవాళ్ళు కాస్త వెనకా ముందూ చూసుకోవాలి సుమండీ.

ధర్మపురికి వస్తే యమపురి లేదని మావైపు పెద్దలమాట. అక్కడ నరసింహస్వామి గుడి ఆవరణలోనే యమధర్మరాజుకు గుడి ఉంది. మా ఆఫీసులో ధర్మపురి అంటే పెద్దసారు గది గుమ్మం. ఒక ఫైలు చంకలో పెట్టుకుని అక్కడ నిలబడ్డవాణ్ణి ఎవరూ ఏమీ అడగలేరు. యముడి గుమ్మంలోనే యమభయం ఉండదు, చూశారా! మా టైపిస్టు ఒక చిట్టీ పాట నడిచినన్ని రోజులూ అక్కడే చాయ్ తాగాడు.

వేములవాడ మాటకు మాత్రం పెద్ద తగాదా నడిచింది. రాజన్న గుడిలో భక్తులు కోడెమొక్కు తీర్చుకుంటారు. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, తీసుకుపోయి కట్టేసి, దణ్ణం పెట్టుకుని వచ్చేస్తారు. పని అడగవచ్చినవాణ్ణి భుజంమీద చెయ్యివేసి, ఆఫీసంతా ప్రేమగా తిప్పి, చివరకు ఇంకో టేబులు దగ్గర కూర్చోబెట్టి, "అన్నకు చెప్పు, అన్న చేసిపెడతడు" అని మనం తప్పుకుంటే అది కోడె కట్టటం. దేవుడి సంగతి ఇందులోకి తేవద్దని రికార్డు రూంలోని పెద్దాయన కోప్పడ్డాడు. మొక్కినవాణ్ణి కాదు, కట్టించుకున్నవాణ్ణి అంటున్నామని మేడం సమాధానం చెప్పారు. పెద్దాయన ఒప్పుకోలేదు గాని, మర్నాడు ఆయన టేబులు దగ్గర ఎవరినో కూర్చోబెడితే "కోడెను నా కాడ కట్టకుండ్రి" అని ఆయన నోటే వచ్చింది.

హెడ్ గుమాస్తాగారి పేరు కడెం గేటు. 2022 జూలైలో గోదావరి ప్రాంతమంతా వరదలు వచ్చినప్పుడు కడెం ప్రాజెక్టుకు దాని శక్తికి మించిన నీరు వచ్చింది. పద్దెనిమిది గేట్లలో పదిహేడు లేచాయి, ఒకటి మొరాయించింది. కింది ఊళ్ళవాళ్ళను ఖాళీ చేయించి, రాత్రంతా జనం ప్రాణాలు అరచేత పట్టుకున్నారు. 1958లో ఇదే కడెం వరదకు ఒకసారి తెగింది గనుక ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఈసారి ఆనకట్ట నిలిచింది. మా హెడ్ గుమాస్తాగారు సానుభూతి, సలహా, సామెతలు, ఆశీర్వచనం, తన చిన్ననాటి కష్టాలు – పదిహేడు గేట్లూ ఒక్కసారిగా ఎత్తేస్తారు. జేబు గేటు ఒక్కటి మాత్రం లేవదు.

ఆటలో ఒక మాట మేం కొట్టేశాం. ఖజానా గుమాస్తా ప్రతిపాదించాడు: అప్పు తీసుకుని మాయమై, నాలుగేళ్ళకు ఏమీ జరగనట్టు ప్రత్యక్షమై "బాగున్నరా అన్నా" అనేవాడికి కాగజ్‌నగర్ అని. సిర్పూర్ కాగితపు మిల్లు 1942లో ఉత్పత్తి మొదలుపెట్టి, 2014లో మూతపడి, 2018లో మళ్ళీ తెరుచుకుంది, లెక్క సరిపోయింది. అందరం నవ్వాం. కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటు పిల్ల మాత్రం గ్లాసు కింద పెట్టింది. "మా నాయిన మిల్లులనే చేసిండు సార్. ఆ నాలుగేండ్లు నా చదువు ఎట్ల నడిచిందో మా అమ్మకు ఎరుక" అంది, మెల్లిగానే. ఖజానా గుమాస్తా ఏమీ అనలేదు. మర్నాడు మేడం రాసిపెట్టుకుంటున్న నోటుపుస్తకంలో ఆ పేజీమీద అడ్డగీత ఉంది. ఎవరు గీశారో ఎవరూ అడగలేదు. నవ్వటానికి పనికివచ్చే ఊరి పేరులో ఊరు కూడా ఉంటుంది గదా.

ఇంతవరకు వచ్చిన మాటలన్నీ తప్పించుకునేవాడివే. అడిగేవాడి వైపునుంచి ఒక్క మాటైనా లేదని ఎవరికీ తట్టలేదు. తట్టింది మా అటెండరుకు. చాయ్ తెచ్చేది అతనే, గ్లాసులు కడిగేది అతనే. మా నిఘంటువు మొదటినుంచి చివరిదాకా విన్నది కూడా అతనొక్కడే. మేం ఫోను మోగితే లేచేవాళ్ళం, అతను గోడకు ఆనుకుని నిలబడే ఉండేవాడు.

అతనిది ఒక దరఖాస్తు ఉంది. బిడ్డ పెళ్ళి మాఘమాసంలో. తన ప్రావిడెంటు ఫండులోనుంచి అడ్వాన్సు కావాలని పెట్టుకున్నాడు. గమనించండి, ఎవరి సొమ్మూ కాదు, నెలనెలా అతని జీతంలో కోసి దాచిన సొమ్ము. దానికి ఒక గుమాస్తా లెక్క చూడాలి, ఒకరు నోటు పెట్టాలి, పెద్దసారు మంజూరు చెయ్యాలి, బిల్లు ట్రెజరీకి పోవాలి. కాగితం ఇచ్చి మూడు నెలలయింది. మిగతా వేళల్లో సార్లు పనిలో ఉంటారని మర్యాదకు, చాయ్ ఇచ్చేటప్పుడే అడిగేవాడు. చాయ్ వేళ అడిగినవాడికి ఏమి జరుగుతుందో ఇంతసేపూ చదివారు. బాసర జరిగింది, నిర్మల్ జరిగింది, ధర్మపురి జరిగింది, రెండుసార్లు కోడెను కట్టటమూ జరిగింది.

ఆనాడు పేరు పెట్టని ఊళ్ళు ఇంకేమున్నాయని మేడం అడుగుతున్నారు. మంథని, చెన్నూరు, ఉట్నూరు, కోరుట్ల అని తలా ఒకటి అంటున్నాం. అటెండరు ట్రే టేబులుమీద పెట్టి, "కాళేశ్వరం ఎవ్వరు తీసుకోలేదు గద సారూ?" అన్నాడు.

లేదన్నాం. అయితే చెప్పమన్నాం.

"నా కాయిదం కాళేశ్వరం పోయింది సారూ. పోసుడే గని పైకొచ్చుడు లేదు."

కాళేశ్వరం అనగానే ఇప్పుడు అందరికీ ఎత్తిపోతల ప్రాజెక్టే గుర్తుకు వస్తుంది. అతనన్నది గుడి సంగతి. ఒకే పానవట్టంమీద రెండు లింగాలు, ఒకటి కాలుడిది, ఒకటి ముక్తీశ్వరుడిది. ముక్తీశ్వరలింగానికి రెండు రంధ్రాలున్నాయి. వాటిలో ఎన్ని బిందెల నీళ్ళు పోసినా పైకి రావు. కిందినుంచే పోయి గోదావరి ప్రాణహిత సంగమంలో కలుస్తాయని చెబుతారు. అతనిది ఆ పక్క ఊరే. చిన్నప్పటినుంచీ పోస్తూ చూసినవాడు.

నవ్వు వచ్చింది, సగంలో ఆగిపోయింది. ఎవరి గ్లాసు వాళ్ళ చేతిలోనే ఉంది. అతను మాత్రం కోపంతో అనలేదు. ఆటలో తనూ ఒక మాట వేశానన్న తృప్తి మొహాన కనబడుతూనే ఉంది. ఖాళీ గ్లాసులు ఏరుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు హెడ్ గుమాస్తాగారు లేచారు. చాయ్ పూర్తి కాకుండా ఆయన లేవటం నేను చూడలేదు. ఆయనే మూడు టేబుళ్ళ సొరుగులు తీయించారు. కాగితం ఎక్కడికీ పోలేదు. లెక్క చూసే గుమాస్తా సొరుగులో, ఎలక్షన్ డ్యూటీ ఉత్తర్వుల కింద, వేసిన మడతలోనే ఉంది. కొర్రీ కూడా లేదు. ఆయన దగ్గర నిలబడి లెక్క కట్టించారు, తనే నోటు రాశారు, ధర్మపురి గుమ్మంలో ఆగకుండా తిన్నగా లోపలికి వెళ్ళారు. సాయంత్రానికి మంజూరు అయింది. బిల్లు ట్రెజరీలో ఆలస్యం కాకుండా రెండు పూటలు తనే వెళ్ళి నిలబడ్డారు. జేబు గేటు మాత్రం అప్పుడూ లేవలేదని ఖజానా గుమాస్తా గొణిగాడు. ఆటో డబ్బులు అతనే ఇచ్చుకున్నాడట.

ఆ తరువాత కాళేశ్వరం మా ఆఫీసు దాటింది. పై అంతస్తుకు పోయింది, ట్రెజరీకి పోయింది. నెలవారీ సమీక్షలో పెద్దసారే "మీ సెక్షన్ల కాళేశ్వరాలు ఎన్నున్నయి?" అని అడిగారు. పెండింగు ఎంత అని అడిగితే అంకె చెప్పి ఊరుకునేవాళ్ళం. ఇట్లా అడిగేసరికి సొరుగులు వెతకవలసి వచ్చింది. మాట మారితే ఇంత తేడా ఉంటుందని నాకు తెలియదు.

మాఘమాసంలో పెళ్ళికి అందరం వెళ్ళాం. పందిట్లో పంక్తిలో వరసగా కూర్చున్నాం. అటెండరు కొత్త పంచెలో, భుజాన తువ్వాలుతో వచ్చి మా ముందు ఆగి, చేతులు జోడించి, "సారూ, ఒక చిన్న పని..." అన్నాడు. అలవాటున ఖజానా గుమాస్తా నిర్మల్ పెట్టేశాడు. టైపిస్టు గుమ్మం వైపు చూశాడు. హెడ్ గుమాస్తాగారు మాత్రం "చెప్పవయ్యా" అన్నారు.

"ఫొటోగ్రాఫరు పోత అంటున్నడు. బువ్వ ఆగి తిందురు గని, జర లేచి పిల్లల పక్కకు నిలబడుండ్రి."

విస్తళ్ళలో అన్నం అప్పుడే వడ్డించారు. లేచాం.